గ్రీన్‌విచ్ గేటు గడియారం

లండన్‌లోని గ్రీన్‌విచ్ రాయల్ అబ్జర్వేటరీ గేటు పక్కన, దారిన పోయేవాళ్లందరికీ కనిపించేలా గోడలో ఒక గడియారం ఉంది. పేరు షెపర్డ్ గేట్ క్లాక్. 1852లో పెట్టారు. గ్రీన్‌విచ్ కాలాన్ని నేరుగా జనానికి చూపించిన మొదటి గడియారం ఇదేనని చెబుతారు. అయితే ఇప్పుడు మనం చూసే డయల్ ఆనాటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో పడిన బాంబుకు పాత డయల్ దెబ్బతింది. దాని స్థానంలో అలాంటిదే ఇంకొకటి చేయించి బిగించారు.

నకలు అనగానే కొందరికి ఉత్సాహం చప్పబడుతుంది. నాకు మాత్రం ఈ గడియారం మీద ఇష్టం ఇంకా పెరిగింది. ఎందుకంటే ఇది మొదటి రోజు నుంచీ వేరే గడియారాన్ని చూసి నడిచిందే.

దీనికి సొంత లోలకం లేదు. అసలు గడియారం అబ్జర్వేటరీ లోపల ఉండేది. చార్లెస్ షెపర్డ్ తయారుచేసిన ఆ మాస్టర్ క్లాక్‌లో లోలకం ఊగుతుంటే, సెకనుకోసారి కాస్త కరెంటు తీగలోకి వెళ్లేది. ఆ కరెంటుకు గేటు దగ్గరి విద్యుదయస్కాంతం పనిచేసి చక్రాన్ని కొద్దిగా జరిపేది. సెకన్ల ముల్లు ఒక్క అడుగు వేసేది. మాస్టర్ క్లాక్ నుంచే టెలిగ్రాఫ్ తీగల మీద లండన్‌కు, దూరపు ఊళ్లకు టైమ్ సంకేతాలు వెళ్లేవి.

మరి మాస్టర్ క్లాక్‌కు టైమ్ ఎవరు చెప్పాలి? నక్షత్రాలే. ఆకాశంలో ఉత్తర దక్షిణాలను కలిపే రేఖను ఫలానా నక్షత్రం దాటిన క్షణాన్ని టెలిస్కోపులో పట్టుకుని, లెక్కగట్టి, తేడా ఉంటే దాన్ని సరిదిద్దేవారు. భూమి తిరుగుడును మాస్టర్ క్లాక్ అనుసరించేది, మాస్టర్ క్లాక్‌ను గేటు గడియారం అనుసరించేది. ఇప్పుడు ఆ ముళ్లను నడిపించేది క్వార్ట్జ్ యంత్రం.

డయల్ మీద 24 గంటలు ఉంటాయి, పైన సున్నా. మొదట్లో ఆ సున్నా మధ్యాహ్నానికి గుర్తు! రాత్రంతా ఆకాశాన్ని చూసే ఖగోళవేత్తలకు అర్ధరాత్రి తేదీ మారితే చిక్కు కాబట్టి, వాళ్ల రోజు మధ్యాహ్నం మొదలయ్యేది. ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని అర్ధరాత్రికి మార్చారు.

వేసవిలో బ్రిటన్ గడియారాలన్నీ గంట ముందుకు జరుగుతాయి. ఇది మాత్రం గ్రీన్‌విచ్ కాలాన్ని వదలదు. అప్పుడు అక్కడ నిలబడిన మనిషి ఫోనులో ఒంటిగంట అవుతుంటే, ఈ గంటల ముల్లు నిటారుగా కిందికి, పన్నెండు మీదకు వచ్చి ఉంటుంది.