ఈసీ ఖాళీగా ఉందని సంబరపడకండి: కోనసీమలో ఇల్లు కొనేవారి అపోహలు, వాస్తవాలు

పోయిన వారం హైదరాబాద్ నుంచి వచ్చిన దంపతులు మా షెడ్డులో బల్ల మీద కూర్చుని, ప్లాస్టిక్ కవరులోంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసి నా ముందు పెట్టారు. "1983 నుంచి తీయించామండీ. ఒక్క ఎంట్రీ కూడా లేదు, శుభ్రంగా ఉంది. రేపే రిజిస్ట్రేషన్ పెట్టించేయండి" అన్నారాయన. రిటైరై ఏడాదైందట. ఆవిడకు కీళ్ల నొప్పులు, అక్కడి చలికాలం పడటం లేదు. అంబాజీపేట వైపు 10 సెంట్లలో పెంకుటిల్లు, పెరట్లో 12 కొబ్బరిచెట్లు, ఓ నుయ్యి. నగరంలో ఫ్లాటు ధరలో మూడో వంతు కూడా కాదు. పొద్దుటి ఎండలో అరుగు మీద కూర్చుని కాళ్లు చాపుకోవచ్చని ఆవిడ మాటిమాటికీ అంటున్నారు.

నేను దస్తావేజులు రాయబట్టి 26 ఏళ్లు. ఈసీ ఖాళీగా ఉందని సంతోషంగా వచ్చేవారు వారానికి ఒకరైనా తగులుతారు. పాత పెంకుటింటికి ఖాళీ ఈసీ చూస్తే నాకు మాత్రం టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: ఈసీలో ఏమీ లేకపోతే, రిజిస్ట్రేషన్ అయిపోతే, ఇల్లు మనదే.

వాస్తవం: ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. మనిషి చనిపోవడం లావాదేవీ కాదు కదా. హిందూ కుటుంబంలో ఇంటి యజమాని విల్లు రాయకుండా కన్నుమూస్తే, ఆ రోజే ఆయన భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి బతికుంటే తల్లికి సమాన వాటాలు వచ్చేస్తాయి. దానికి ఏ కాగితమూ పుట్టదు, ఏ ఆఫీసులోనూ నమోదు కాదు. కాబట్టి 40 ఏళ్ల పైబడి ఒక్క ఎంట్రీ లేదంటే, ఆ కాలంలో ఆ ఇంటికి రిజిస్టరైన పంపకాల దస్తావేజు లేదు, వాటా వదులుకుంటూ రాసే హక్కు విడుదల దస్తావేజు లేదు అని అర్థం. అంటే, విల్లు కూడా లేకపోతే, ఆడపడుచుల వాటాలు ఎక్కడికీ పోలేదు, ఆ ఇంట్లోనే ఉన్నాయి.

సబ్ రిజిస్ట్రార్ గారు చూసుకోలేదా అంటారు. సంతకం పెట్టేది ఆ మనిషేనా, స్టాంపు సరిపోయిందా, ఆస్తి ప్రభుత్వం అమ్మకం ఆపిన నిషేధిత జాబితాలో ఉందా అన్నవి అక్కడ చూస్తారు. అమ్మేవాడికి మొత్తం ఇంటి మీద హక్కు ఉందా లేదా అని విచారణ చేయడం వాళ్ల పని కాదు. ఆ పని కొనేవాళ్లదే.

ఆ దంపతులు తెచ్చిన పాత నమూనా దస్తావేజులో ఒక వాక్యం ఇలా ఉంది: "నా పిత్రార్జితమై, నా స్వాధీనానుభవమందున్న యావదాస్తి." అందరూ చదవకుండా దాటేసే వాక్యం ఇది. నేను పెన్నుతో సున్నా చుట్టేది దీనికే. పిత్రార్జితం సరే, తండ్రి నుంచి ఈయనకు ఒక్కడికే ఎలా వచ్చింది? విల్లు ఉందా? రిజిస్టరు పంపకాలు ఉన్నాయా? "మా ఊళ్లో నోటి పంపకాలేనండీ" అంటే, ఆ పంపకాల్లో అక్కచెల్లెళ్లు కూర్చున్నారా?

లెక్క చూడండి. ఇల్లు తండ్రి స్వార్జితం. విల్లు లేకుండా ఆయన పోయాడు, తల్లి ఉంది, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఐదు సమాన వాటాలు. తల్లీ కొడుకులూ కలిసి 10 సెంట్లూ అమ్మేశారు. మీరు పూర్తి ధర ఇచ్చారు, పూర్తి స్టాంపు కట్టారు. మీకు వచ్చింది 6 సెంట్లకు సరిపడా వాటా. మిగతా 4 సెంట్లు కూతుళ్లవే. పైగా అది కుటుంబం నివాసం ఉండే ఇల్లయితే, వాటా కొన్న బయటివాళ్లకు వాళ్లతో కలిసి ఉమ్మడి స్వాధీనం అడిగే హక్కు లేదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. కోర్టులో పంపకాల దావా తేలేదాకా ఆ అరుగు మీద మనశ్శాంతిగా కూర్చోలేరు.

"పెళ్లప్పుడే కట్నం ఇచ్చేశామండీ, ఆవిడకింకేముంది" అన్న మాట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా విని ఉండను. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. తండ్రి స్వార్జితంలో కూతురి వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలోనూ పెళ్లికాని కూతుళ్లకు హక్కు ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినా కాకపోయినా కొడుకుతో సమానం అయింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో వాటాల లెక్క వేరు, కానీ కూతురికి వాటా లేదన్నది అక్కడా లేదు. "20 ఏళ్లుగా అడగలేదు కదా" అన్నదీ చెల్లదు. ఒక వాటాదారు ఇంట్లో ఉన్నాడంటే అందరి తరఫునా ఉన్నట్టే. అడగనంత మాత్రాన హక్కు చచ్చిపోదు.

ఈ సంగతిలో నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం మా అమ్మ. మా మావయ్యలు వాళ్ల నాన్న ఇల్లు అమ్మేశారు, అమ్మకు చెప్పలేదు. అమ్మ కోర్టుకు వెళ్లలేదు, అన్నదమ్ములతో మాట పడిపోతుందని. ఒకసారి ఆ ఊళ్లో పెళ్లికి వెళ్లి, నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటి దాకా నడిచింది. కొన్నవాళ్లు మంచివాళ్లు, లోపలికి రమ్మన్నారు. అమ్మ లోపలికి వెళ్లకుండా పెరటి నూతి దగ్గర నిలబడి, గిలక మీద చెయ్యి వేసి కాసేపు ఉండిపోయింది. ఆ ఇంటావిడ ముఖంలో కంగారు నాకు ఇప్పటికీ గుర్తే. ఏ పాపమూ ఎరగని మనిషి. మా అమ్మ లాంటి వాళ్లు అందరూ ఊరుకోరు, ఊరుకోవాలని అనే హక్కు ఎవరికీ లేదు కూడా.

అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న "ఆడపడుచులు ఎంతమంది?" అనే. ఆఖరి దస్తావేజు ఎవరి పేరు మీద ఉందో ఆయన పేరు పైన రాసి, కింద వంశవృక్షం గీయించండి. తహసీల్దార్ ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడగండి. అంతటితో ఆగకుండా పక్కింటి పెద్దవాళ్లను అడగండి, కాగితంలో లేని కూతురు వాళ్ల నోట్లో ఉంటుంది. కూతురు చనిపోయి ఉంటే ఆమె వారసులు వస్తారు. మైనర్లుంటే కోర్టు అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ఆడపడుచులు అమ్మకం దస్తావేజులోనే అమ్మకందార్లుగా సంతకం పెట్టాలి, లేదా ముందే రిజిస్టరు విడుదల దస్తావేజు ఇచ్చి ఉండాలి. తెల్లకాగితం మీద "నాకు అభ్యంతరం లేదు" అని రాయించుకుంటే సరిపోదు.

మన కోనసీమలో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు కాబట్టి ఇంకొక మాట. అక్కడి నుంచి పంపిన పవరాఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే పవర్ కూడా పోయినట్టే. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే ఆ మనిషితో వీడియో కాల్‌లో మాట్లాడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉంటే చాలనుకుంటారు. అవి హక్కు పత్రాలు కావు. గ్రామకంఠం (ఊరి పాత నివాస స్థలం) ఇళ్లకు పాత దస్తావేజులు ఉండకపోవచ్చు, అక్కడ ఎన్నేళ్లుగా ఎవరు కాపురం ఉన్నారో తేల్చుకోవడమే ముఖ్యం. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-ఫారం పట్టా భూమి, నదిలో మేట వేసిన లంక భూమి "అందరూ కొంటున్నారండీ" అంటే వినకండి. ప్రభుత్వం పంచిన భూముల అమ్మకాన్ని కట్టడి చేసే 1977 చట్టం ఉంది, నిషేధిత జాబితాలో సర్వే నంబరు మీరే చూసుకోండి.

కోనసీమంతా ఏడాది పొడుగునా చల్లగా ఉంటుందన్నది సంక్రాంతికి వచ్చి వెళ్లేవాళ్ల మాట. కార్తీకం నుంచి మాఘం దాకా హాయి. రోహిణీ కార్తెలో ఉక్కపోత చూశాకే బయానా ఇవ్వండి. కాలువలకు నీళ్లు ఆపేశాక, మే నెలలో, బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. సముద్రం వైపు ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన ఉప్పు తగులుతుంది, గోడలు కూడా చెమ్మ పడతాయి.

చవగ్గా వస్తోందంటే ఏటిగట్టుకు ఏ పక్కన ఉందో మొదట అడగండి. ధవళేశ్వరం దగ్గర గోదావరికి 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, 1986లో 35 లక్షలు. "ఎనభయ్యారు వరదకు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి" అని ఊళ్లో పెద్దాయన్ని అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. పెంకుటిల్లయితే 1996 తుపాను తర్వాత దూలాలు మార్చారా అనీ అడగండి.

ఇంతకీ ఆ దంపతుల సంగతి. నేను అడిగిన ప్రశ్నకు అమ్మే ఆయన మొదట చిరాకు పడ్డారు. "ఒక చెల్లెలుందండీ, ఏలూరులో. దానికేం అభ్యంతరం లేదు" అన్నారు. అభ్యంతరం లేకపోతే ఫోన్ చేయండి అన్నాను. స్పీకర్ పెట్టారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాన్న ఇల్లు అమ్మేస్తున్నావా అన్నయ్యా" అంది. హైదరాబాద్ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. అమ్మే ఆయన ఫోన్ పట్టుకుని బయటికెళ్లి చెల్లెలితో అరగంట మాట్లాడారు. ధరలో వాటా చెల్లెలి ఖాతాకే వెళ్లేటట్టు, దస్తావేజులో అమ్మకందారుగా ఆవిడ పేరు కూడా చేర్చేటట్టు ఒప్పందమైంది. రిజిస్ట్రేషన్ వచ్చే బుధవారానికి మార్చాం. ఆ చెల్లెలు ముందు రోజే వచ్చి, ఆ రాత్రి ఇంట్లో పడుకుంటానని అడిగారట.