వానకు నిలిచే పువ్వు, వానకు ఒరిగే పువ్వు

శరత్కాలంలో పూసే మొక్కలకు మంచి రోజు చూసుకుని పూసే వీలు లేదు. చామంతి మొగ్గ తొడగాలంటే పగళ్ళు కుదించుకుపోవాలి, చీకటి గంటలు ఒక హద్దు దాటి పెరగాలి. పగటి పొడవుకూ పూతకూ ఉన్న ఈ సంబంధాన్ని గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1920లో వివరించారు. రాత్రి పెరిగిన సంగతి చామంతికి తెలుస్తుంది కానీ, వచ్చే వారం గాలివాన ఉందో లేదో తెలియదు. కాబట్టి తడి నుంచి, గాలి నుంచి కాపాడుకునే ఏర్పాటు ఏదైనా పువ్వు నిర్మాణంలోనే ముందుగా ఉండి తీరాలి. ఆ ఏర్పాటు చాలా పూలకు ఉంది. అది లేని పూలు చాలావరకు మనం తయారు చేసుకున్నవే.

వాన వెలిశాక చెదిరిన రేకులు చూసి మనం బాధపడతాం. మొక్కకు అసలు నష్టం మాత్రం పుప్పొడిది. పొడిగా ఉండే పుప్పొడి రేణువుకు నీరు తగిలితే గబగబా పీల్చుకుంటుంది. చాలా జాతుల్లో ఆ ఒత్తిడికి పగిలిపోతుంది కూడా. తేనె పలచబడితే తేనెటీగకు ఆ పువ్వు మీద ఆసక్తి తగ్గుతుంది. జర్మనీకి చెందిన క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్ 1787లో ఒక అడవి జెరానియం రేకుల మొదట్లో సన్నని నూగు చూశాడు. తేనెలో వాననీరు కలవకుండా అడ్డుపడడానికే ఆ నూగు ఉందని తేల్చుకున్నాడు. అక్కడ మొదలైన పరిశీలనే 1793లో పూలకూ కీటకాలకూ ఉన్న బంధం మీద ఆయన పెద్ద గ్రంథమైంది. పూల గురించి ఇవాళ మనకు తెలిసిన ఎన్నో విషయాలకు మూలం వానచుక్క గురించి వేసుకున్న ఒక ప్రశ్న కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

తప్పించుకునే దారులు రకరకాలు. సైక్లమెన్ పువ్వు ముఖం నేలకు దించుకుంటుంది, రేకులు మాత్రం పైకి మడుచుకుంటుంది. కేసరాల మీద చినుకు పడే దారే లేదు. కుంకుమపువ్వు కుటుంబంలోని క్రోకస్‌లు చల్లబడితే ముడుచుకుంటాయి. రేకు లోపలి వైపు కణాలు వెచ్చదనానికి ఎక్కువ సాగుతాయి, బయటి వైపువి చల్లదనానికి. ఆ తేడాతోనే పువ్వు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఎత్తయిన కొండల మీద వేసవి చివర్లో పూసే ఒక జెన్షియన్ ఇంకా చురుకైనది. ఉరుములతో మబ్బు కమ్మి గాలి చల్లబడగానే నిమిషాల్లో నోరు మూసేస్తుంది. పరిశోధకులు కొన్ని పూలను మూసుకోనివ్వకుండా ఆపి చూస్తే, వానకు వాటి పుప్పొడి కొట్టుకుపోయింది.

వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది చామంతి కుటుంబం పద్ధతి. బంతి, డాలియా, కాస్మోస్, ఆస్టర్ అన్నీ ఈ కుటుంబానివే. వీటిలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పదుల, వందల చిరుపూల గుంపు. చుట్టూ రేకుల్లా సాగినవి కొన్ని, నడుమ దిమ్మెలో గొట్టాల్లా ఒత్తుగా ఉన్నవి కొన్ని. దిమ్మెలోని చిరుపూలు ఒక్కసారిగా విచ్చవు. అంచు నుంచి నడుమకు, వరస తరవాత వరసగా, రోజుల తరబడి విచ్చుతాయి. ఒక్కో చిరుపువ్వులో పుప్పొడి తిత్తులు ఒకదానికొకటి అతుక్కుని గొట్టంగా ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికే రాలుతుంది. కింది నుంచి పెరిగే కీలం, అంటే పువ్వు ఆడ భాగపు సన్నని కాడ, దాన్ని కొంచెం కొంచెంగా పైకి నెడుతుంది. ఇవాళ కుండపోత కురిస్తే పోయేది ఇవాళ బయటికి వచ్చిన పొడి మాత్రమే. రేపటి వరస ఇంకా మొగ్గలోనే భద్రంగా ఉంటుంది. మొత్తం విత్తనాన్ని ఒకే పదునులో చల్లకుండా కొంత దాచుకునే రైతు చేసే పని ఇదే.

ముద్దపూలకు ఈ భద్రత లేదు. ముద్దబంతిలో, ముద్దచామంతిలో దిమ్మె చిరుపూలు చాలావరకు రేకులుగా మారిపోయాయి. అందానికి మనమే తరతరాలుగా అలా ఎంపిక చేశాం. ఒత్తుగా పేర్చిన రేకుల సందుల్లో నీరు నిలుస్తుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది. మెక్సికో కొండల్లోని అడవి డాలియాకు ఒకే వరస రేకులు, తేలికైన తల. తోటల్లో పెద్ద రకాల పువ్వు 25 సెంటీమీటర్లు దాటుతుంది. దాన్ని మోసే కాడ మాత్రం లోపల బోలుగానే ఉంటుంది. 5 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో వచ్చి తగులుతుంటే, తడిసి బరువెక్కిన ఆ తల ఒరగడంలో మొక్క తప్పేమీ లేదు.

గాలి సంగతి వేరు. గాలి వేగం రెట్టింపయితే, వంగని వస్తువు మీద తోపు నాలుగు రెట్లవుతుంది. వంగగలిగిన వస్తువు మీద అంతగా పెరగదు. కాస్మోస్ దారాల్లాంటి ఆకుల గుండా గాలి సాగిపోతుంది, సన్నని కాడ ఊగి సర్దుకుంటుంది. ఊగే పువ్వు మీద తేనెటీగ ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకూ జవాబు దొరికింది. చాలా పూల రేకుల పైపొరలో కణాలు సూదిగా పైకి లేచి ఉంటాయి, కాళ్ళకు పట్టు దొరుకుతుంది. పెటూనియాలతో చేసిన ప్రయోగంలో, పూలను ఊపినప్పుడు బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగలు నున్నటి రేకులు వదిలి ఈ గరుకు రేకుల వైపే మొగ్గాయి.

ఊపును మొక్క గుర్తిస్తుంది కూడా. 1990లో జానెట్ బ్రామ్, రోనాల్డ్ డేవిస్ అనే శాస్త్రవేత్తలు అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద నీళ్ళు చిలకరించి, గాలి విసిరి, చేత్తో తాకి చూశారు. 10 నుంచి 30 నిమిషాల్లోనే కొన్ని జన్యువుల పని 100 రెట్ల వరకు పెరిగింది. రోజూ గాలికి ఊగే మొక్క పొట్టిగా, కాడ లావుగా పెరుగుతుంది. ఈ మార్పుకు 1973లో మార్క్ జాఫీ అనే శాస్త్రవేత్త థిగ్మోమార్ఫోజెనెసిస్ అని పేరు పెట్టాడు.

అందుకే ఊతకర్రకు మొక్కను బిగించి కట్టడం నాకు నచ్చదు. కదలిక లేని కాడ గట్టిపడడం నేర్చుకోదు. కట్టు వదులుగా ఉండి, కాడ కాస్త ఊగగలగాలి. కర్రను గాలివాన వచ్చాక కాదు, మొక్క చిన్నగా ఉన్నప్పుడే పాతాలి. నత్రజని ఎరువు ఎక్కువైతే కాడలు పొడుగ్గా, మెత్తగా సాగి ముందే ఒరుగుతాయి. నీరు నిలిచే మడిలో అయితే కర్ర ఒక్కటే చాలదు. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వేళ్ళకు ఊపిరాడదు, మెత్తబడ్డ మట్టిలో పట్టూ ఉండదు. కాబట్టి మడి ఎత్తు చేయాలి.

వాన ఆగగానే ముద్దపూల కాడలను మెల్లగా తట్టి నీరు రాల్చాలి. బోట్రైటిస్ అనే బూడిదరంగు బూజుకు రేకు మీద కొన్ని గంటల తడి చాలు. నీరు పట్టి గోధుమరంగుకు తిరిగిన పూలను తుంచి, మొక్క మొదట్లో పడెయ్యకుండా తోట బయటికి తీసేయాలి. ఆ బూజు రాలిన రేకుల మీద కూడా బతుకుతుంది.