మహమ్మారి వేళ రక్తం ఎందుకు కరువవుతుంది?

కొవిడ్ మొదలవగానే బ్లడ్ బ్యాంకుల వాళ్లను పట్టుకున్న మొదటి భయం, ఈ వైరస్ రక్తం ద్వారా కూడా సోకుతుందేమోనని. అది ఉత్తి భయం కాదు. 1980ల మొదట్లో దాతల ప్లాస్మాతో, అంటే రక్తంలోని ద్రవభాగంతో, తయారైన మందుల వల్ల వేలాది మంది హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగులు హెచ్ఐవీ బారిన పడ్డారు. దాన్ని పట్టే పరీక్ష 1985కి గానీ రాలేదు. రక్తం ద్వారానే సోకే హెపటైటిస్ సి వైరస్‌ను 1989లో గానీ గుర్తించలేదు. 2002లో, దోమల ద్వారా వ్యాపించే వెస్ట్ నైల్ వైరస్ రక్తమార్పిడితో సోకుతుందని అమెరికాలో తేలింది. అందుకే రక్త భద్రత అంటే సంచిలో ఏముందో పరీక్షించడమే అన్న ఆలోచన బలపడింది.

కొవిడ్ మాత్రం రక్తం ఎక్కించడం వల్ల సోకినట్టు రుజువు కాలేదు. దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. కాలేజీలు, ఆఫీసులు మూతపడి రక్తదాన శిబిరాలు ఆగిపోయాయి. 2020 మార్చి మధ్యకే అమెరికన్ రెడ్‌క్రాస్ శిబిరాలు దాదాపు 2,700 రద్దయి, 86,000 యూనిట్లు రాకుండా పోయాయి.

ముందే దాచిపెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో ఇంచుమించు 42 రోజులు ఉంటాయి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల సంగతి వేరు. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకుండా 20-24 డిగ్రీల దగ్గర, మెల్లగా అటూఇటూ ఊగే అరల మీద ఉంచుతారు. అలా ఉంచినా చాలాచోట్ల ఐదు రోజులకే గడువు తీరిపోతుంది. పైగా ఏ సంచి తీసుకున్నా, పరీక్షల ఫలితాలు రావడానికే ఒకటిరెండు రోజులు పడుతుంది.

లాక్‌డౌన్‌లో ఆపరేషన్లు వాయిదా పడటంతో మొదట్లో వాడకమూ తగ్గింది, కాస్త ఊపిరి ఆడింది. తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. రెండు నుంచి ఐదు వారాలకోసారి రక్తం ఎక్కాల్సిందే. ఆపరేషన్లు మళ్లీ మొదలయ్యాక అవసరం ఒక్కసారిగా పెరిగింది, దాతలు అంత త్వరగా తిరిగి రాలేదు. 2022 జనవరిలో అదే రెడ్‌క్రాస్ తన చరిత్రలో తొలిసారి జాతీయ రక్త సంక్షోభం ప్రకటించింది.

స్వచ్ఛంద దాతలే ఆధారం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదికైన ప్రపంచ ఆరోగ్య సభ 1975లోనే తీర్మానించింది. అయినా ఎన్నో దేశాలు ఇప్పటికీ రోగి బంధువులు తెచ్చే రక్తం మీదే నడుస్తున్నాయి. నా దృష్టిలో అసలు బలహీనత ఇదే. ఆ బంధువులే క్వారంటైన్‌లో ఉంటే రక్తం ఎవరిస్తారు? ఏటా రెండు మూడుసార్లు ఇచ్చే అలవాటున్న దాతల జాబితా ముందే చేతిలో ఉంటేనే, శిబిరం లేకపోయినా ఫోన్ చేసి, టైమ్ ఇచ్చి, ఒక్కొక్కరినీ పిలిపించుకోగలం.