నాయనమ్మ బీపీ మాత్రలు, మీరు పంపే మూలికల సీసాలు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ప్రేమగా పంపిన పార్సిల్ అందింది. అశ్వగంధ మాత్రలు, వెల్లుల్లి క్యాప్సూల్స్, అతిమధురం కలిపిన టీ పొట్లాలు చూసి నాయనమ్మ ఎంతో సంబరపడింది. వాటిని ఇంకా మొదలుపెట్టనివ్వలేదు. కారణం కాస్త వివరంగా రాస్తాను. మీ స్నేహితులు కూడా ఇళ్లలో పెద్దవాళ్లకి ఇలాంటివే ఆర్డర్ పెడుతుంటారు, వాళ్లకీ చదివి వినిపించండి.

నాయనమ్మ రోజూ వేసుకునేవి మూడు మందులు. టెల్మిసార్టాన్, రక్తనాళాలను బిగించే ఒక హార్మోన్‌ను పని చేయనివ్వదు. హైడ్రోక్లోరోథయాజైడ్, ఒంట్లోని అదనపు ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేస్తుంది. అమ్లోడిపిన్ రక్తనాళాల గోడలను సడలిస్తుంది. డాక్టరు గారు నెలల తరబడి బీపీ చూస్తూ వీటి మోతాదు కుదిర్చారు. ఇప్పుడు ఆయనకి తెలియకుండా నాలుగోది చేరితే ఆ లెక్క తప్పుతుంది.

"చెట్టు మందే కదా, ఏం చేస్తుంది?" అనే మాట మందుల షాపులో కూర్చున్నన్నాళ్లూ విన్నాను. చెట్టు ఏం చేయగలదో సర్పగంధ అనే మొక్కను చూస్తే తెలుస్తుంది. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు దాని వేరు బీపీని తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల్లో చూసిన ఫలితాలను బ్రిటన్ వైద్య పత్రికలో ప్రచురించాక మిగతా ప్రపంచం ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే మందు పదార్థాన్ని విడదీశారు. ఎన్నో దేశాల్లో ఏళ్ల తరబడి అదే బీపీ మాత్ర. మనసు కుంగిపోవడం, ముక్కు దిబ్బడ వంటి ఇబ్బందులు ఉండటం, మెరుగైన మందులు రావడంతో దాని వాడకం తగ్గింది. కానీ బీపీకి ఆయుర్వేదం అని అమ్మే కొన్ని మాత్రల్లో సర్పగంధ ఇప్పటికీ ఉంటుంది. అది వేసుకుంటే బీపీకి ఇంకో మందు వేసుకున్నట్టే. గుండె వేగాన్ని తగ్గించే అటెనలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లకైతే నాడి కూడా మరీ నెమ్మదించవచ్చు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం ఆ తియ్యటి అతిమధురం టీ. ఉప్పుని పట్టి ఉంచమని మూత్రపిండాలకి చెప్పే హార్మోన్ ఆల్డోస్టిరాన్. కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ కూడా అదే పని చేయించగలదు, కానీ అక్కడ ఒక ఎంజైమ్ కాపలాదారులా నిలబడి దాన్ని ఎప్పటికప్పుడు నిర్వీర్యం చేస్తుంది. అతిమధురంలోని గ్లిసిరైజిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా పొటాషియం పోగొట్టే మందే. రెండూ కలిస్తే పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె లయ తప్పడం దాకా వెళ్లవచ్చు. 40 ఏళ్లు దాటినవాళ్లు రోజుకి సుమారు 57 గ్రాముల అతిమధురం మిఠాయి రెండు వారాలు తింటే గుండె లయ దెబ్బతినవచ్చని అమెరికాలో ఆహారం, మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. రోజుకి 100 మిల్లీగ్రాముల గ్లిసిరైజిన్ దాటకూడదని యూరప్ నిపుణుల కమిటీ చెప్పింది. గొంతు నొప్పికి ఎప్పుడో ఒక ముక్క చప్పరిస్తే నేను వద్దనను. రోజూ మూడు పూటలా టీ అంటేనే భయం. టీ సంగతి తెలియని డాక్టరు, బీపీ తగ్గడం లేదని మాత్ర మోతాదు పెంచుతారు. ఇలా ఎన్ని చీటీల్లో మోతాదులు అనవసరంగా పెరిగి ఉంటాయో!

పొటాషియం తగ్గినా ముప్పే, పెరిగినా ముప్పే. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ అనే బీపీ మందులు పొటాషియంను ఒంట్లో నిలబెడతాయి. సోడియం తక్కువని కొనే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. నోని పండు రసంలోనూ పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకి ఇది ప్రమాదం.

మన గోంగూర జాతి మొక్క ఒకటి ఉంది, హైబిస్కస్ సబ్డరిఫా. దాని కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకులతో టీ కాస్తారు. 2010లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, రోజుకి మూడు కప్పులు ఆరు వారాలు తాగినవాళ్లకి పై బీపీ సగటున 7 పాయింట్లు తగ్గింది. సంతోషమే. కానీ మూడు మాత్రల మీద అది తాగి, తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచిన పెద్దావిడ కళ్లు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది. వెల్లుల్లి క్యాప్సూల్స్, అశ్వగంధ కూడా బీపీని కొంత తగ్గించగలవు. చారులో వేసే వెల్లుల్లి, మిరియాల గురించి కాదు నేను చెప్పేది. వాటిని హాయిగా తినండి.

డల్లాస్‌లో ఉన్నవాళ్లకి ఒక మాట. అక్కడ దిగులుకి అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక, నిఫెడిపిన్ లాంటి బీపీ మందులను కాలేయం త్వరగా ఖర్చు చేసేసేలా చేస్తుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం దీనికి తలకిందులు, అది తాగితే ఫెలోడిపిన్ అనే బీపీ మందు రక్తంలో బాగా పెరిగిపోతుంది. గ్రేప్‌ఫ్రూట్‌కి మన పంపర పనస పుట్టింటి చుట్టం, ఆ మందు వాడేవాళ్లు దాని గురించి కూడా డాక్టరుని అడగాలి.

ఇకమీదట ఏదైనా కొనేముందు వెనక లేబుల్ ఫొటో తీసి నాకు పంపండి. యష్టిమధు, ములేఠీ, గ్లిసిరైజా గ్లాబ్రా అన్నీ అతిమధురమే. రావుల్ఫియా అంటే సర్పగంధ. లోపల ఏముందో రాయని పొడి అయితే, ఎవరు ఎంత మెచ్చుకున్నా కొనవద్దు. పెద్దవాళ్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు చీటీతో పాటు వాళ్లు వాడే చూర్ణాలు, లేహ్యాలు, టీలు కూడా సంచిలో వేసుకెళ్లండి. ఆయుర్వేద వైద్యుడికీ బీపీ మాత్రల పేర్లు చెప్పండి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి.

మీ స్నేహితుల ఇళ్లలో ఎవరైనా మూలికలు మొదలుపెట్టి బీపీ మాత్ర మానేశారని తెలిస్తే, ఆ రోజే వాళ్ల డాక్టరుకి ఫోన్ చేయించండి. క్లోనిడిన్, అటెనలాల్ లాంటి బీపీ మందులు ఒక్కసారిగా ఆపితే బీపీ ముందుకన్నా పైకి ఎగబాకవచ్చు, గుండె జబ్బు ఉన్నవాళ్లకి గుండెపోటు కూడా రావచ్చు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య