గోలీసోడా సీసాలూ, బాబాయి కొలెస్ట్రాలూ

పొద్దున్నే ఆరున్నరకి తెనాలి నుంచి మా బాబాయి ఫోను. "ఏరా, నా రిపోర్టు చూశావా? గుడ్డు ముట్టను. మాంసం వాసనే పడదు. యాభై ఎనిమిది కిలోలు లేను. నాకు కొలెస్ట్రాలేవిటిరా?" వెనకనుంచి పిన్ని గొంతు: "నేను డెబ్భై నాలుగు కిలోలు. నాకు బాగానే ఉందని వాడికి చెప్పండి!"

రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. బాబాయికి మొత్తం కొలెస్ట్రాల్ 246, మంచిదనే హెచ్‌డీఎల్ 46, రక్తంలో తిరిగే కొవ్వు అంటే ట్రైగ్లిజరైడ్లు 130, చెడ్డదనే ఎల్‌డీఎల్ 174. పిన్నికి వరసగా 184, 38, 210, 104. ఈ ఎల్‌డీఎల్‌ని చాలా ల్యాబుల్లో నేరుగా కొలవరు, లెక్కగడతారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం అది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్లలో అయిదోవంతునీ తీసెయ్యడమే. 246లోంచి 46, 26 పోతే 174. మీ కాగితం మీద కూడా వేసి చూడండి, సరదాగా ఉంటుంది.

మంచి కొలెస్ట్రాల్, చెడ్డ కొలెస్ట్రాల్ కథ మీరు వందసార్లు చదివే ఉంటారు కాబట్టి వదిలేస్తున్నాను. బాబాయి ప్రశ్నకి మొదటి జవాబు చిన్నది. గుడ్డు మానేసినంత మాత్రాన కొలెస్ట్రాల్ రాకుండా పోదు, ఎందుకంటే మన ఒళ్ళే రోజుకి సుమారు ఒక గ్రాము తయారుచేసుకుంటుంది. తిండిలోంచి వచ్చేది సాధారణంగా అందులో మూడోవంతు కూడా ఉండదు. మొక్కల్లో అయితే అసలు లేనట్టే లెక్క. అందుకే వేరుశనగ నూనె ప్యాకెట్టు మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలు చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. ముళ్ళు లేని వంకాయ కూర అని బోర్డు పెట్టి చేపల హోటలుకి పోటీకొచ్చినట్టుంటుంది.

తయారైన కొలెస్ట్రాల్ ఎక్కడికి పోతుందన్నదే నాకు ఇష్టమైన భాగం. బళ్ళో మాకు "పైత్యరసం కొవ్వులను ఎమల్సీకరణం చేయును" అని రాయించి ఒక మార్కు వేశారు. చేసిన తర్వాత ఆ పైత్యరసం ఏమవుతుందో ఏ మాస్టారూ చెప్పలేదు. కథంతా అక్కడే ఉంది.

జిడ్డు తలకి కుంకుడు రసం ఎలాగో, పేగులో నూనెకి ఆ రసంలోని పైత్య లవణాలు అలాగ. కాలేయం వీటిని కొలెస్ట్రాల్‌తోనే చేస్తుంది. చేసినదాన్ని ఒకసారి వాడి పారబోసేంత దుబారా దానికి లేదు. చిన్నప్పటి గోలీసోడా బండి గుర్తు తెచ్చుకోండి. బండివాడు సోడా కొట్టి ఇస్తాడు, మనం తాగేదాకా అక్కడే నిలబడతాడు, ఖాళీ సీసా చేతికొస్తేగాని కదలడు. అతని పెట్టుబడి సోడా కాదు, సీసా. కాలేయమూ అంతే. పైత్య లవణాల్ని పేగులోకి పంపుతుంది, అవి కొవ్వుని కరిగించే పని చేసుకుంటూ కిందికి వెళతాయి, చిన్నపేగు చివరి మూరలో వాటిని ఏరి రక్తంలోకి ఎక్కించి కాలేయానికి తిప్పి పంపే ఏర్పాటుంది. నూటికి తొంభై అయిదు దాకా ఖాళీ సీసాలు వెనక్కొచ్చేస్తాయి. ఒంట్లో ఉన్న సరుకంతా కలిపి రెండు నుంచి నాలుగు గ్రాములే. అదే సరుకు రోజుకి ఆరేడు చుట్లు తిరుగుతుంది. పోయేది రోజుకి అర గ్రాము. ఆ అర గ్రాముకి కొత్త సీసాలు కావాలి, వాటికి గాజు కావాలి. ఆ గాజే కొలెస్ట్రాల్.

ఇప్పుడు వీధి చివర ఒక అల్లరి పిల్లాడిని నిలబెట్టండి. వాడికి సోడా అక్కర్లేదు, గోలీ కావాలి. రోజూ నాలుగు సీసాలు మాయం చేస్తాడు. బెండకాయ జిగురు, బార్లీ గంజి, ఓట్లు, ఇసబ్‌గోలు చేసే పని అదే. నీళ్ళలో ఉబ్బి జిగురుగా మారే ఆ పీచు పైత్య లవణాల్ని తనలో చిక్కించుకుని ఏరేచోటు దాటించి బయటికి తీసుకుపోతుంది. బండి యజమాని లెక్క చూసుకుని గాజు కోసం పరిగెత్తాలి. దారులు రెండు. ఒకటి సొంత బట్టీ, అంటే కాలేయం తనే కొలెస్ట్రాల్ చేసుకోవడం. రెండోది, రోడ్డు మీద గాజు వేసుకుని పోతున్న బళ్ళని ఆపి కొనడం. ఆ బళ్ళే రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్. ఆపాలంటే గుమ్మాలు తెరవాలి. కాలేయ కణాలు తమ పైపొర మీద ఎల్‌డీఎల్ గ్రాహకాలనే గుమ్మాలు ఎక్కువ పెడతాయి, రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గుతుంది.

ఈ గుమ్మాల్ని డాలస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ కనిపెట్టారు, 1985లో నోబెల్ వచ్చింది. చిత్రమేమంటే గుమ్మం కూడా తిరిగొచ్చే సీసానే. ఎల్‌డీఎల్‌ని పట్టుకుని కణంలోకి మునుగుతుంది, సరుకు దింపి పైకొస్తుంది, పది నిమిషాలకో చుట్టు, ఇరవై గంటల ఆయుష్షులో వంద పైచిలుకు చుట్లు. జపాన్‌లో అకిరా ఎండో బూజుల్లో వెతికి తీసిన స్టాటిన్ మందు సొంత బట్టీని ఆర్పేస్తుంది, యజమానికి రోడ్డు మీది బళ్ళే గతి. బెండకాయ సీసాలెత్తుకుపోతుంది, స్టాటిన్ బట్టీ ఆర్పుతుంది. దారులు వేరు, చివరికి తెరుచుకునేవి ఆ గుమ్మాలే.

మరి గుమ్మాలు మూసేదెవరు? ముఖ్యంగా సంతృప్త కొవ్వు. గుడ్డు ముట్టని బాబాయి రోజుని పిన్ని చేత చెప్పించాను: పొద్దున్న కారప్పొడిలో నెయ్యి గుంట కట్టిన ఇడ్లీ, పదింటికి చిక్కటి పాల కాఫీ, నాలుగింటికి బేకరీ పఫ్, ఆరింటికి పామాయిల్‌లో వేయించిన మిక్చరు. పామాయిల్ కొవ్వులో నలభై శాతం పైన సంతృప్తమే, నెయ్యిలో అరవై పైన. వేరుశనగలో ఇరవై లోపే. ఆయన కొలెస్ట్రాల్ తినలేదన్న మాట నిజమే. బళ్ళని ఆపే గుమ్మాలు మూసుకుని కూర్చున్నాడు. తూకంరాయికి ఇది కనపడదు.

బరువు తగ్గకుండా ఇది ఎంత మారుతుందో 2003లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం చూసింది. 46 మంది, మూడు జట్లు, ఒక నెల. మామూలుగా సంతృప్త కొవ్వు తగ్గించిన జట్టుకి ఎల్‌డీఎల్ 8 శాతం తగ్గింది. అదే తిండికి స్టాటిన్ కలిపిన జట్టుకి 31 శాతం దాకా. సోయా, బాదం, బార్లీ, ఇసబ్‌గోలు, మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్‌ని పోలిన మొక్కల పదార్థాలు) కలిపి పెట్టిన జట్టుకి 28 శాతం పైన. ఎవరి బరువూ చెప్పుకోదగ్గంత మారలేదు. ఆ మూడో జట్టు తిండిలో బెండకాయా వంకాయా కూడా ఉన్నాయి. జిగురు పోయేదాకా పొడిపొడిగా వేయించడం మన వంటకి గర్వకారణం. ఆ పిల్లాడిని మూకుడులోనే తరిమేస్తున్నాం కదా అనిపిస్తుంది నాకు. అయితే ఒక్క మాట: అక్కడ తిండంతా వాళ్ళే అందించారు. ఇంట్లో అంత నిష్ఠ కుదరదు, ఫలితమూ అంత రాదు.

ఇక పిన్ని సంబరం. ఆవిడ లెక్క వేరే ఖాతాలో ఉంది. మూడు పూటలా అన్నం, టిఫిను, పక్కన బిస్కట్లు. అవసరానికి మించిన పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్ అనే బళ్ళకెత్తి రక్తంలోకి పంపుతుంది, అదే ట్రైగ్లిజరైడ్ల 210. ఆ బళ్ళు సీఈటీపీ అనే దళారి ప్రోటీను ద్వారా తమ ట్రైగ్లిజరైడ్‌ని హెచ్‌డీఎల్‌కి అంటగట్టి దాని కొలెస్ట్రాల్ లాక్కుంటాయి. అలా చిక్కిపోయిన హెచ్‌డీఎల్ త్వరగా రక్తంలోంచి జారిపోతుంది, అదే 38. ఎల్‌డీఎల్‌కీ ఇదే గతి, రేణువులు చిన్నవై సంఖ్య పెరుగుతుంది. కాబట్టి 104 అన్న అంకె వెనక బళ్ళు ఎన్నున్నాయో ఆ కాగితం చెప్పదు. బరువు తగ్గితే బాగా కదిలేది ఈ ఖాతానే. ఎల్‌డీఎల్ మాత్రం కిలో బరువు తగ్గితే రిపోర్టు అంకెలో ఒకటి చుట్టుపక్కలే తగ్గుతుంది.

తిండి నాణ్యతకీ బరువుకీ సంబంధం ఇంకో దారిలో ఉంది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ 20 మందికి రెండు వారాలు ప్యాకెట్టు తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటి తిండి పెట్టాడు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానం, తినడం ఎవరిష్టం వాళ్ళది. ప్యాకెట్టు తిండప్పుడు రోజుకి 500 కేలరీలు అదనంగా తిన్నారు, తొమ్మిది వందల గ్రాములు పెరిగారు.

సన్నగా ఉన్నవాళ్ళు నిజంగా సన్నగా ఉన్నారా అన్నదీ అనుమానమే. పూణేలోని యాజ్ఞిక్, లండన్‌లోని యుడ్కిన్ అనే ఇద్దరు డాక్టర్లు 2004లో తమ ఫోటో పక్కపక్కన వేసి అంకెలిచ్చారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు కొలత, 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం.

ఇదంతా చెబుతుంటే బాబాయి అడ్డొచ్చాడు. పరగడుపున వేడినీళ్ళు తాగితే కొలెస్ట్రాల్ కరుగుతుందట కదా, మూకుడు జిడ్డు కరిగినట్టు? కొలెస్ట్రాల్ కరగాలంటే 148 డిగ్రీలు కావాలి బాబాయ్, నీళ్ళు వందకే మరిగిపోతాయి అన్నాను. కాసేపు మాట్లాడలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళమనీ, ఈలోపు వారానికి నాలుగుసార్లు బెండకాయ పులుసు, సాయంత్రం మిక్చరు బదులు ఉడికిన శనగలు అనీ చెప్పాను. సరే అన్నాడు. పఫ్ మానమన్నాను. దానికీ సరే అన్నాడు.

"మరి ఇడ్లీలోకి ఆ నెయ్యి..." అన్నానో లేదో, "ఇదుగో, మీ పిన్ని ఏదో అడుగుతోంది" అని ఫోను ఆవిడ చేతికిచ్చేశాడు.