అర్థం తెలియని పాట

చిన్నోడికీ, చిట్టితల్లికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మీ అమ్మ మీచేత పాట పాడించబోతే చిన్నోడు మూతి ముడుచుకుని, "ఒక్క ముక్క అర్థం కాదు, ఎందుకు పాడాలి అమ్మమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మీ ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. అప్పట్నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో చిట్టితల్లి పిల్లిని తెచ్చి చూపిస్తుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కూడబలుక్కుని చదవండి, ఆగిపోయిన చోట అమ్మనడగండి.

ముందు ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఆ పాట నాకూ అర్థం కాలేదు. ఒక రోజూ రెండు రోజులూ కాదు, ముప్పై ఏళ్లు.

"జయ జయ జయ ప్రియ భారత" దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పాట. నేను నేర్చుకున్నది 1963లో, ఐదో తరగతిలో. ప్రార్థన గంట కొట్టగానే పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక నిలబడేవాళ్లం. మాస్టారు బెత్తంతో బల్ల మీద తాళం వేస్తూ ఒక్కో ముక్కా అందించేవారు, మేం గొంతు చించుకుని తిరిగి అప్పజెప్పేవాళ్లం. అందులో ఒక సుడిగుండం ఉంది: "సుశ్యామచలచ్చేలాంచల". అంతా కలిపి ఒకటే మాట. పైకి చదవండి, ఇంకోసారి చదవండి. నాలుక మడతపడిందా? మాకూ అంతే. సగంమంది "చల్లచేలాంచల" అనేవాళ్లు. వెనక వరసవాళ్లు నోరు మాత్రం కదిపి ఊరుకునేవాళ్లు. తాళం తప్పితే మాస్టారి బెత్తం ఆగేది. మాట తప్పితే ఆగేది కాదు, కాబట్టి మా ఆటలు సాగాయి.

ఇంకొంచెం ముందుకెళితే "చూర్ణకుంతల" అని వస్తుంది. నాకేమో కడుపునొప్పికి మింగించే చూర్ణం గుర్తొచ్చి నోరంతా చేదయ్యేది. ఆఖరి చరణంలో "శకుంత" అని ఉంటుంది. మా అందరికీ అది శకుంతలే. నా పక్కన నిలబడే పిల్ల పేరు కూడా అదే కావడంతో ఆ మాట దగ్గరికి రాగానే గడ్డం పైకెత్తి మా అందరి వంకా చూసేది. పాటలో పేరున్న పిల్లతో మేమేం పోటీ పడతాం!

ఆ ఏడు ఆగస్టు 15న జెండా దగ్గర ముందు పాడే వంతు నాకు పడింది. ఎదురుగా కుర్చీల్లో పెద్దలు. సుడిగుండం దగ్గరికి వచ్చేసరికి మాట ఎగిరిపోయింది. ఏం చేయాలో తోచక "లా లా లలలా" అని లాగించేశాను. వెనకున్న బడంతా నాతోపాటు "లా లా" అంది. కుర్చీల్లో ఒక్కరు కూడా తల తిప్పలేదు. వాళ్లకూ ఆ మాట తెలియదని ఇప్పుడు నా అనుమానం.

చాలాకాలం తర్వాత తెలిసిందేమిటంటే, సరిగ్గా ఆ 1963లోనే జబ్బు చేసి కృష్ణశాస్త్రిగారి కంఠం మూగపోయింది. 1980లో కన్నుమూసేదాకా మళ్లీ ఆ గొంతు వినపడలేదు. కలం మాత్రం ఆగలేదు. ఆ సంగతి చదివిన రోజు, నా "లా లా" గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

నేను లెక్కల టీచర్నని మీకు తెలుసుగా. నలభై దాటాక ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతూ ఆ పాటే కూనిరాగం తీస్తున్నాను. పక్క బల్ల దగ్గర తెలుగు మేడమ్ ఎర్ర పెన్ను ఆపి, "ఏమన్నారండీ, చల్లచేలా?" అన్నారు. నా మొహం చూసి జాలి పడ్డట్టున్నారు, ఒక తెల్లకాగితం లాక్కుని మాటను ముక్కలు చేశారు. చలత్, చేల, అంచల. చలత్ అంటే కదులుతున్న. చేలమంటే బట్ట. అంచలమంటే చెంగు. "చలత్"లో చివరి "త్" వెనకొచ్చిన "చే"ను చూసి తనూ "చ్" అయిపోయింది, అంతే. సుశ్యామం అంటే ముదురు రంగు, బాగా పండే పైరుకు ఉండే నల్లటి పచ్చదనం. గాలికి కదిలే పచ్చటి చీరచెంగు ఉన్న తల్లీ అని పిలుస్తున్నాడన్నమాట.

"నేను చేల అంటే పొలాలనుకున్నానండీ" అన్నాను. మన తెలుగులో చేలంటే పొలాలే కదా. ఆవిడ ఫక్కున నవ్వి, "ఫరవాలేదు, ఆ చీర నేసింది వాటితోనే" అన్నారు. చూర్ణకుంతలాలంటే ముంగురులట. వసంతంలో పూలతీగలు ఊగుతుంటే అవి ఆ తల్లి నుదుటి మీద పడే ముంగురులు. నా చేదంతా ఆ పూటతో పోయింది. ఆఖరి చరణం దాకా వచ్చేలోపు గంట కొట్టారు, ఇద్దరం క్లాసులకు పరిగెత్తాం.

చిన్నోడా, నీ ప్రశ్నకు నా జవాబు ఆ కాగితంలోనే ఉంది. మేడమ్ ముడి విప్పగలిగిందంటే నా దగ్గర ముడి ఉండబట్టే. అర్థం తెలిశాకే పాడతానని నేను ఐదో తరగతిలో భీష్మించుకుంటే, నలభై ఏళ్లప్పుడు ఆవిడ విప్పడానికి ఏముండేది? చిన్నతనంలో చెవిలో పడింది ఎటూ పోదు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా ఇలాంటిదే చెబుతారు: పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే ముసలితనంలో మిగతావాటికన్నా ఎక్కువగా గుర్తొస్తాయట, పాటల విషయంలోనూ అంతేనట. నీకు ఇప్పుడు తొమ్మిది. ఆ గుర్తులు మొదలయ్యే వయసు.

అసలు మాటలే లేని పాట సంగతి చెబుతాను. మాది వాల్వుల రేడియో. నాన్న మీట తిప్పాక అది వేడెక్కడానికి కాసేపు పట్టేది. ముందు పచ్చటి కన్నొకటి వెలిగేది, తర్వాత గరగర, ఆపైన తంబురా శ్రుతి మీద ఒక వయొలిన్ ముక్క. ఆకాశవాణి తెల్లవారిందని చెప్పడం అది. మాకు పట్టేది విజయవాడ స్టేషను, 1948లో మొదలైంది, నాకన్నా అయిదేళ్లు పెద్దది. ఆ వయొలిన్ ముక్కను కట్టినాయన మనవాడు కాడు. పేరు వాల్టర్ కాఫ్‌మన్, ఇప్పటి చెక్ దేశంలో పుట్టిన యూదుడు. యూరప్‌లో నాజీల నీడ కమ్ముకుంటున్న రోజుల్లో, 1934లో బొంబాయి చేరాడు. మన శివరంజని రాగం పట్టుకుని దీన్ని అల్లాడు. 1946లో ఇక్కణ్నుంచీ వెళ్లిపోయాడు, చివరికి అమెరికాలో స్థిరపడ్డాడు. సొంత ఊరు పోగొట్టుకున్న మనిషి కట్టిన బాణీ కోట్లమందికి పుట్టింటి గుర్తయి కూర్చుంది. యూట్యూబ్‌లో దొరుకుతుంది, వినండి. మీకు ఏమీ అనిపించదు, నాకు తెలుసు. నాకు మాత్రం నాన్న వేళ్లు కనిపిస్తాయి, మీట మీద.

ఇంకొకటి. "మా తెలుగు తల్లికి" పాట మీ అమ్మకు వచ్చు. శంకరంబాడి సుందరాచారిగారు దాన్ని 1942లో వచ్చిన "దీనబంధు" సినిమా కోసం రాస్తే సినిమావాళ్లు వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గ్రామఫోన్ రికార్డుకు పాడాక ఇంటింటికీ చేరింది. ఆమె తర్వాత లండన్‌లో స్థిరపడ్డారు. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు పెట్టినప్పుడు, ఆ పాట పాడడానికి ఆమెనే లండన్ నుంచి పిలిపించారు. ఇక్కడ పాడేవాళ్లు కరువయ్యా? కాదు. మొదట ఏ గొంతులో విన్నామో ఆ గొంతే కావాలనిపిస్తుంది. మీ అమ్మకూ నాకూ తగువు వచ్చేదీ అక్కడే. తనకు "జయ జయ జయ ప్రియ భారత" అంటే 1986లో సినిమాలో విన్న పాట, నాకేమో బెత్తం తాళం. ఇద్దరం కలిసి మొదలుపెడితే రెండో పాదానికల్లా ఎవరి దారి వాళ్లది.

ఆఖరి చరణం మిగిలిపోయింది కదూ. దాని సంగతి నేనూ మరిచేపోయాను. మీ అమ్మ విమానం ఎక్కిన ఏడాది, ఇల్లంతా బోసిగా ఉంటే ఏం తోచక ఒకరోజు నిఘంటువు తెరిచి కూర్చున్నాను. పూర్తి మాట "దిశాంతగత శకుంత". శకుంతల కాదు, శకుంతం. అంటే పక్షి. దిశాంతగత అంటే దిక్కుల చివరలదాకా వెళ్లిపోయిన. అంత దూరం ఎగిరిపోయిన పక్షుల పాట విని మురిసిపోయే తల్లీ అని ఆయన అక్కడ రాసి పెట్టారు. నేను ఆ మాటను పదేళ్ల వయసు నుంచీ పాడుతున్నాను. ఆ రోజు పుస్తకం మూసి, మీ అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి అట, తిట్టింది.

వచ్చే ఆదివారం ఫోన్ ముందే చార్జింగ్‌లో పెట్టండి. పిల్లిని కూడా కూర్చోబెట్టండి, అభ్యంతరం లేదు. సుడిగుండం దగ్గర నాలుక తిరక్కపోతే "లా లా" అనేయండి, నేను వెనక నుంచి అందుకుంటాను. తాళం మాత్రం తప్పారంటే ఆపేస్తాను.

ముద్దులతో,
అమ్మమ్మ