రేంజర్స్ నాలుగో మెట్టుకు దిగిన ఏడాది

చిరంజీవులకు, తాతయ్య ఆశీస్సులు.

ఫుట్‌బాల్ అనగానే మీకు పెద్ద స్టేడియాలూ, కోట్లు తీసుకునే ఆటగాళ్ళూ గుర్తుకు వస్తారు. ఈ ఉత్తరంలో నేను చెప్పేది స్కాట్లాండ్‌లో 2012-13లో జరిగిన థర్డ్ డివిజన్ లీగు సంగతి. దానిపైన ప్రీమియర్ లీగు, ఫస్ట్, సెకండ్ డివిజన్లు ఉండేవి కనుక అది నిజానికి నాలుగో మెట్టు. అందులోని పది జట్లలో ప్రతి ఒక్కటీ మిగిలిన తొమ్మిదింటితో నాలుగేసి సార్లు, సొంత ఊళ్ళో రెండు, ఎదుటివారి ఊళ్ళో రెండు చొప్పున, మొత్తం 36 మ్యాచ్‌లు ఆడాలి. ఆ ఆటగాళ్ళలో చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసేవారు.

ఆ ఏడాది వారి మధ్యకు గ్లాస్గో నగరపు రేంజర్స్ వచ్చింది. అప్పటికి 54 సార్లు దేశ విజేతగా నిలిచిన ఆ క్లబ్బును నడిపిన కంపెనీ పన్ను బకాయిలు, అప్పులు తీర్చలేక దివాలా తీసింది. దాని ఆస్తులను కొన్న కొత్త కంపెనీని ప్రీమియర్ లీగు క్లబ్బులు తమలో చేర్చుకోలేదు. కనీసం ఫస్ట్ డివిజన్‌లోనైనా చేర్చుకోకపోతే ఆదాయం దెబ్బతింటుందన్న హెచ్చరికలు వచ్చినా, 2012 జూలై 13న కింది డివిజన్ల 30 క్లబ్బుల్లో 25 క్లబ్బులు రేంజర్స్ అట్టడుగు మెట్టు నుంచే మొదలుపెట్టాలని ఓటు వేశాయి. డబ్బు కన్నా నియమాన్ని పెద్దదిగా ఎంచిన ఆ చిన్న క్లబ్బులంటే నాకు ఎంతో గౌరవం.

ఆగస్టు 18న రేంజర్స్ సొంత మైదానమైన ఐబ్రాక్స్‌లో ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్‌తో జరిగిన మ్యాచ్‌కు 49,118 మంది వచ్చారు. నాలుగో మెట్టు ఆటకు అంత జనం ప్రపంచంలో అంతకు ముందెన్నడూ రాలేదు. రేంజర్స్ 5-1తో గెలిచింది. బయటి ఊళ్ళలో మాత్రం కథ వేరుగా సాగింది. చేపల రేవు ఊరైన పీటర్‌హెడ్‌లో చివరి నిమిషంలో గోలు కొట్టి 2-2తో గట్టెక్కింది. బెర్విక్‌లోనూ, అన్నన్‌లోనూ మొదటిసారి ఆడినప్పుడు గెలవలేకపోయింది. అక్టోబరు 6న, పట్టికలో అడుగున ఉన్న స్టిర్లింగ్ ఆల్బియన్ రేంజర్స్‌ను 1-0తో ఓడించింది. ఆ రోజే స్టిర్లింగ్ మేనేజరు పెళ్ళి కావడంతో, ఆయన తన జట్టు సాధించిన అంతటి గెలుపును దగ్గరుండి చూడలేకపోయాడు! 2013 మార్చిలో అన్నన్ అథ్లెటిక్ మరో అడుగు ముందుకేసి, ఐబ్రాక్స్‌లోనే 2-1తో గెలిచింది.

చివరకు 83 పాయింట్లతో రేంజర్స్‌దే మొదటి స్థానం. రెండో స్థానంలోని పీటర్‌హెడ్ 24 పాయింట్లు వెనుకబడింది. 1867లో పుట్టి, అప్పటికీ ఆటగాళ్ళకు జీతం ఇవ్వని క్వీన్స్ పార్క్ మూడో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది లీగు పేరు లీగ్ టూగా మారింది. రేంజర్స్ పైకి వెళ్ళిపోయిన ఆ లీగులో ఈసారి మొదటి స్థానం పీటర్‌హెడ్‌దే.

ఇట్లు,
మీ తాతయ్య